బడిలో మన బిడ్డను కొట్టే పిల్లవాడుంటే

పిల్లల పెంపకం గురించి నలుగురిలో మాట్లాడవలసి వస్తే మనం మన బిడ్డల అల్లరి గురించే చెబుతాం. ఎదుటివారి బిడ్డ అల్లరి గురించి మాట్లాడుకునేది వారు లేనప్పుడు. మందిరం నుండి ఇంటికి నడిచి వచ్చే దారిలోనూ, రేషను షాపు వరుసలోనూ ఆ మాటలకు కొదవ ఉండదు. "ఆ కుర్రోడు ఆ బడిలో ఉన్నంతకాలం మా పిల్లకి చదువు రాదు" అనే మాట విననివారు మనలో ఎవరూ ఉండరు. అలాంటి కుర్రవాడు ఒకడు మా అమ్మాయి తరగతిలో ఉండేవాడు. ఇది 2018 నాటి సంగతి. ఆ ఏడు మేము భార్యాభర్తలం పడిన తర్జనభర్జన ఇంకొక ఇంట్లో ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాం.

మాది కోనసీమలో కాలవగట్టు పక్కన చిన్న ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, నలభైమందికి అటూ ఇటూగా పిల్లలు. హెడ్మాస్టరు మేష్టారు ఒకరు, టీచరుగారు ఒకరు. టీచరుగారు ఒకే గదిలో మూడు తరగతులను కూర్చోబెట్టుకొని, ఒక వరుసకు అక్షరాలు దిద్దిస్తూ, ఇంకొక వరుసతో ఎక్కాలు చెప్పిస్తూ, మూడో వరుస పుస్తకాలు దిద్దేవారు. మేష్టారు మండలం మీటింగుకు వెళ్ళిన రోజున ఐదు తరగతులూ ఆవిడ మీదే. ఈ సంగతి ఎరగనివారే "టీచర్లు ఏం చేస్తున్నారు?" అని అడుగుతారు.

ఆ పిల్లవాడూ మా అమ్మాయీ మూడో తరగతి. వాడు ఒకచోట కూర్చోడు. కూర్చుంటే పక్కవాణ్ణి నెడతాడు. పాఠం జరుగుతుంటే గట్టిగా కేకలు పెడతాడు. అవతలివాడి పుస్తకం లాక్కుంటాడు. ఇంతవరకు అల్లరి. అల్లరిని మన బిడ్డ కొంత ఓర్చుకోవలసిందే, లోకంలో అందరూ మన ఇంట్లోవాళ్ళలాగా ఉండరు. హాని వేరు. హానిని ఓర్చుకోమని ఏ తల్లీ తండ్రీ బిడ్డకు చెప్పకూడదు. ఆగస్టు చివరిలో ఒకనాటి మధ్యాహ్నం మా అమ్మాయి చెంప మీద, కంటికి అంగుళం కింద, వాడి పెన్సిలు మొన దిగింది.

సబ్బుతో కడిగి, ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి, నర్సమ్మగారి చేత టి.టి. ఇంజెక్షను వేయించాం. ఇరుగుపొరుగువారు సీసం రక్తంలోకి ఎక్కుతుందని భయపెట్టారు. పెన్సిల్లో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు. అది విషం కాదు. మొన విరిగి లోపల ఉండిపోతే మాత్రం తీయించాలి. మా అమ్మాయికి చిన్న నల్లచుక్క మిగిలింది, అద్దంలో చూసుకున్నప్పుడల్లా దాన్ని గోరుతో తడుముకునేది.

ఆ రాత్రి మాలో ఒకరికి ఆ పిల్లవాడి ఇంటి మీదికి వెళ్ళాలనిపించింది. రెండోవారు ఆపారు. ఎవరు ఎవరిని ఆపారో ఇక్కడ రాయవలసిన పనిలేదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడిని బడి గేటు దగ్గర ఆపి గద్దించే పెద్దలను మేము చూశాం. ఆ పిల్లవాడు ఆ కోపాన్ని పెద్దవారి మీద తీర్చుకోలేడు. మరునాడు వారి బిడ్డ మీదే తీర్చుకుంటాడు. అందుచేత ముందుగా మా అమ్మాయినే అడిగి తెలుసుకోవాలనుకున్నాం. "ఎందుకు పొడిచాడు?" అంటే పిల్లలు "ఊరికే" అంటారు. "అంతకు ముందు ఏం జరిగింది? ఎవరెక్కడ కూర్చున్నారు? టీచరుగారు అప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగితే కథంతా వస్తుంది. ఒకేసారి రాదు. అన్నం తినేటప్పుడు కొంత, జడ వేసేటప్పుడు కొంత వస్తుంది.

మందిరంలో ఇచ్చిన వాక్యపు క్యాలెండరు మా గోడకు ఉంది. ఏదైనా జరిగిన రోజున ఆ తేదీ గడిలో చిన్న గుర్తు, ఉదయమో మధ్యాహ్నమో, రెండు మాటలు రాసుకున్నాం. "ఎప్పుడూ కొడుతున్నాడు" అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. తేదీలు చెబితే వినేవారికి ఒక దారి దొరుకుతుంది.

టీచరుగారిని ఉదయం ప్రార్థన సమయంలో కలవలేదు. పిల్లలందరి ఎదుట టీచరును నిలదీస్తే ఆమె మాటకు ఆ రోజంతా విలువ ఉండదు. సాయంత్రం లాంగు బెల్లు కొట్టాక, వరండాలో కూర్చొని మాట్లాడాం. వాడికి ఏం శిక్ష వేస్తారని అడగలేదు. మా బిడ్డను వాడి చేతికి అందనంత దూరంలో కూర్చోబెట్టమన్నాం. పంపు దగ్గర కంచాలు కడిగే వరుసలో ఒక పెద్దపిల్లను మధ్యలో నిలబెట్టమన్నాం. రెండూ మరునాటి నుండే జరిగాయి.

శిక్ష గురించి ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో తండ్రి బిడ్డను బడిలో చేర్చి "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేష్టారూ" అని అప్పగించి వచ్చే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో బిడ్డను కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం మాట అలా ఉంచినా, ఆ పిల్లవాడు ఇంట్లోనూ వీధిలోనూ దెబ్బలు తింటూ పెరుగుతున్నవాడే. దెబ్బతో మారేవాడైతే ఎప్పుడో మారి ఉండేవాడు.

మా అమ్మాయికి కొన్ని సంగతులు నేర్పాం. వాడు మీదికి వస్తే రెండు చేతులూ ముందుకు పెట్టి "వద్దు, నన్ను ముట్టుకోకు" అని గదంతా వినబడేలా చెప్పాలి. అక్కడి నుండి పక్కకు వెళ్ళిపోవాలి. టీచరుగారికి చెప్పాలి. ఇది చాడీ అవుతుందని ఆమె భయం. "ఎదుటివాణ్ణి తిట్లు తినిపించాలని చెబితే చాడీ, నీకు దెబ్బ తగలకుండా ఉండాలని చెబితే చాడీ కాదు" అని ఇంట్లో ఆడుతూ పాడుతూ చెప్పి చూపించాం. మొదట్లో ఆమె గొంతు పెగల్లేదు. కొబ్బరి చెట్ల కిందికి తీసుకువెళ్ళి అరిపిస్తే, నాలుగో రోజుకు కాకులు లేచిపోయేటంత వచ్చింది.

మన కుటుంబాలలో ఇంకొక సంగతి జరుగుతుంటుంది. బిడ్డ ఏడుస్తూ వస్తే "క్షమించెయ్యమ్మా" అని, మర్నాడు వాడి పక్కనే కూర్చోబెట్టి చేతులు కలిపిస్తాం. క్షమించడం బిడ్డ హృదయంలో, దాని కాలంలో జరగవలసిన పని. అంతవరకు ఆ బిడ్డ చెంపను కాపాడడం పెద్దల పని. స్నేహం చేయమని మేము మా అమ్మాయిని ఎన్నడూ బలవంతపెట్టలేదు. వాడిని తిట్టవద్దనీ, వాడి పేరుకు వంకర పేరు కలపవద్దనీ మాత్రం చెప్పాం.

దసరా సెలవుల తరువాత కాగితం వచ్చింది. ఆ కుర్రవాణ్ణి బడి నుండి తీసివేయాలి, లేనియెడల మా పిల్లలను టౌనులోని కాన్వెంటుకు మార్చుకుంటాం అని రాసి ఉంది. మా ఇంటికి వచ్చేసరికి పందొమ్మిది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. అది ఉత్త బెదిరింపు కాదు. పిల్లలు తగ్గితే బడికి ఉన్న టీచరు పోస్టు పోతుంది. దెబ్బ తిన్నది మా బిడ్డ గనుక మా సంతకం కోసం పైన చోటు వదిలారు.

మేము సంతకం పెట్టలేదు. కాగితం తెచ్చిన ఆమె మా పేట ఆవిడే, స్త్రీల కూడికలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. "వదినా, ఆ మొన ఇంకొక్క అంగుళం పైన దిగుంటే ఏం చేద్దువు?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆమె పిల్లవాడు రెండుసార్లు వాడి చేతిలో దెబ్బలు తిన్నాడు. ఆమె కోపం న్యాయమైనదే.

అయినా ఆ కాగితం మా చేతిలో ఉన్నంతసేపూ మాకు మా తాతగారు చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చింది. ఆయన చిన్నతనంలో మా పేట పిల్లలను బడి అరుగు కింద కూర్చోబెట్టేవారట. పలక మీద ఏం రాశారో చూడడానికి అయ్యవారు అరుగు దిగేవారు కాదు, పైకెత్తి చూపించమనేవారు. లోపలికి రానిస్తే మా పిల్లలను మాన్పిస్తామని ఊళ్ళో పెద్దలు అప్పుడూ ఒక కాగితం రాశారట. మా తాతగారు ఏం తప్పు చేశారని వెలి వేశారు? వీడు తప్పు చేశాడు, ఆయన చేయలేదు. నిజమే, రెండూ ఒకటి కావు. కానీ ఒక బిడ్డ ముఖం మీద బడి తలుపు వేయమనే కాగితం కింద మా ఇంటి పేరు ఉండడానికి మా చెయ్యి రాలేదు.

మేష్టారు ఆ కాగితం చూసి చెప్పినది అందరికీ తెలియవలసినది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బడి నుండి వెళ్ళగొట్టడానికి వీల్లేదు. "నా చేతిలోనూ లేదు, ఎం.ఇ.ఓ. గారి చేతిలోనూ లేదు. టి.సి. ఇమ్మని మామ్మను బతిమాలో బెదిరించో రాయించుకోవడం ఒక్కటే దారి, ఆ పని నేను చెయ్యను" అన్నారు. ఆ రెండో మాట వల్ల ఆయన మీద మాకు గౌరవం పెరిగింది, ఎందుకంటే ఆ దారిన పోయే బళ్ళు లేకపోలేదు.

వాడి ఇంటికి అప్పుడు వెళ్ళాం. మేమిద్దరమే వెళ్తే తగవుకు వెళ్ళినట్టుంటుందని టీచరుగారిని తోడు తీసుకువెళ్ళాం. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయింది, తండ్రి లేడు. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. కొత్త స్లాబు, ఇనుప గేటు, లోపల ఒక ముసలితల్లి, ఒక పిల్లవాడు. మామ్మగారు మమ్మల్ని చూడగానే "కొట్టండి బాబూ, మీరే నాలుగు తగలనియ్యండి, నా సేత కాడం లేదు" అని ఏడ్చింది. కూర్చోబెట్టి, "మామ్మగారూ, మేము కొట్టడానికి రాలేదండీ, వాడు ఇంట్లో ఎలా ఉంటాడో చెప్పండి చాలు" అన్నాం.

అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. వాడికి ఎడమ చెవిలోంచి ఎప్పుడూ చీము కారుతుందట. మామ్మగారు కోడి ఈకతో తుడిచేది, నూనె కాచి చుక్కలు వేసేది. వాడు కాలవలో రోజూ ఈదేవాడు. పిలిస్తే పలకడు, పొగరని వీపు మీద ఒకటి వేసేది. టీచరుగారు మా వైపు చూశారు. వాడు పాఠంలో ఎందుకు కేకలు పెడతాడో, మెల్లగా చెబితే ఎందుకు లక్ష్యపెట్టడో అప్పుడు అర్థమయింది. తన గొంతు తనకే సరిగా వినబడని పిల్లవాడు మెల్లగా మాట్లాడాలంటే ఎలా?

రెండోది క్యాలెండరు సంగతి. అప్పటికి మేము రాసుకున్న గుర్తులు ఏడు. వాటిలో నాలుగు శుక్రవారం మధ్యాహ్నాలే. ఆ మాట అనగానే మామ్మగారు, "సుక్కురోరం కదమ్మా దాని ఫోనొచ్చేది" అంది. కువైటులో శుక్రవారం సెలవు. ఇంటి యజమానులు ప్రార్థనకు మసీదుకు వెళ్ళిన ఆ కాసేపే తల్లికి ఫోను చేసుకునే వీలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక, వారికి పదకొండున్నర అయితే మనకు రెండు. ఆ వేళకు కొడుకు బడిలో ఉంటాడు. పరుగెత్తి ఇంటికి వెళ్ళబోతే గేటు దగ్గర పట్టుకొని లోపల కూర్చోబెట్టేవారు. అదీగాక ఐదో తరగతి పిల్లవాడు ఒకడు "మీ అమ్మ ఫోను మోగుతుందిరా, వినబడుతుందా చెవిటోడా" అని వారం వారం ఆట పట్టించేవాడని మా అమ్మాయే తరువాత చెప్పింది. పెన్సిలు దిగిన రోజున కూడా ఆ మాటకు వాడు లేచి ఉరికాడు, మధ్యలో మా అమ్మాయి ఉంది.

ఆ ఐదో తరగతి అబ్బాయి తండ్రి బడికి రెండు ఫ్యాన్లు కొనిచ్చినవారు. కాగితం మీద మొదటి సంతకం ఆయనదే. నోటితో పొడిచేవాడి మీద ఎవరూ కాగితం రాయరు, గాయం కనబడదు గనుక.

చెవి సంగతి ఆలస్యం చేయలేదు. మేష్టారి మాట మీద మామ్మగారినీ వాణ్ణీ కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి మాలో ఒకరం తీసుకువెళ్ళాం. కర్ణభేరికి చిల్లు ఉంది, ఆ చెవికి వినికిడి చాలా తక్కువ, కుడిచెవి ఫరవాలేదన్నారు. చుక్కల మందు ఇచ్చారు. చెవిలోకి నీళ్ళు పోనివ్వకూడదు, స్నానానికి ముందు వాజిలైను రాసిన దూది పెట్టాలి, కాలవలో ఈత మానాలి, ఈక, నూనె అసలే వద్దు అన్నారు. చీము ఆరిన తరువాత చిల్లుకు ఆపరేషను సంగతి చూద్దామన్నారు. పాఠకులకు చెప్పేదేమిటంటే, రెండు వారాలకు మించి చెవి కారుతుంటే అది మామూలు జలుబు కాదు, డాక్టరుకు చూపించవలసిందే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయింది. ఆ బృందం అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. వినికిడి, చూపు, చదువులో వెనుకబాటు, నిలకడ లేకపోవడం కూడా వారు చూడవలసిన వాటిలోనివే. వారు వచ్చిన రోజున అల్లరి పిల్లవాడు తప్పనిసరిగా బడిలో ఉండేలా చూడండి. మామూలుగా ఆ రోజే వాడు ఎగ్గొడతాడు.

టీచరుగారు వాణ్ణి ముందు వరుసలో, కుడిచెవి తన వైపుకు ఉండేలా కూర్చోబెట్టారు. పేజీ నిండా లెక్కలు ఇవ్వకుండా రెండు లెక్కలు ఇచ్చి, చేశాక లేచి వచ్చి చూపించమనేవారు. లేవడానికి వాడికి అలా ఒక సాకు దొరికింది. చేతికి ఒక పని ఉండాలని మేష్టారు గంట కొట్టే పని అప్పగించారు. మూడో రోజున వాడు ఇరవై నిమిషాల ముందే లాంగు బెల్లు కొట్టేశాడు. పిల్లలందరూ సంచులు సర్దుకొని గేటు దాటిపోయారు, మేష్టారు వెనకాల పరుగెత్తవలసి వచ్చింది. ఊరంతా నవ్వుకున్నారు. గంట మాత్రం వాడి చేతిలోనే ఉంచారు, పక్కన గడియారం చూడడం వచ్చిన పిల్లను ఒకరిని నిలబెట్టి.

నవంబరులో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం జరిగింది. ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. మనలో చాలామంది సంతకం పెట్టి టీ తాగి వచ్చేస్తాం. ఆ రోజు మాత్రం రెండు గంటలు మాట్లాడుకున్నాం, కొందరు గట్టిగానే మాట్లాడారు. కాగితం తెచ్చిన ఆవిడ, "జాలి సరే, నా కొడుకును ఎవరు కాస్తారు?" అని అడిగింది. అది సమావేశం మొత్తంలో అన్నిటికంటే మంచి ప్రశ్న. భోజనం వేళ కమిటీ తల్లులు వంతుల వారీగా ఒక గంట బడిలో ఉండాలని దానికి జవాబుగా నిర్ణయమయింది. ఐదో తరగతి అబ్బాయి తల్లి తనంతట తానే లేచి "మావాడి నోటి సంగతి నేను చూసుకుంటాను" అంది. ఆమె భర్త ఏమీ అనలేదు. నలుగురు తల్లిదండ్రులు జూన్‌లో పిల్లలను మార్చేసుకున్నారు. వారిని తప్పు పట్టలేం.

పిల్లవాడు దేవదూత కాలేదు. జనవరిలో ఎవరి చెప్పో కాలవలో పారేశాడు. లాక్కోవడం తగ్గింది గాని మానలేదు. పెన్సిలుతో గాని, రాయితో గాని మళ్ళీ ఎవరినీ గాయపరచలేదు. క్యాలెండరులో మా గుర్తులు డిసెంబరులో రెండు, ఫిబ్రవరిలో ఒకటి.

శుక్రవారం ఏర్పాటు మేష్టారిదే. మధ్యాహ్నం రెండు గంటలకు మామ్మగారు చీర చెంగున ఫోను చుట్టుకొని బడి వరండాలోకి వచ్చి కూర్చునేది. వాడు బయటికి వచ్చి కుడిచెవికి ఫోను ఆనించుకొని పది నిమిషాలు మాట్లాడి, తిరిగి లోపలికి వెళ్ళి కూర్చునేవాడు. కొన్నాళ్ళకు తల్లి ముఖం కనబడే ఫోను చేయడం మొదలుపెట్టింది. అప్పుడు తరగతి పిల్లలు ఒకరి వెనుక ఒకరు కిటికీ దగ్గరకు చేరి ఆమెకు చేతులూపేవారు. మా అమ్మాయి మాత్రం తన చోటు నుండి లేచేది కాదు. మేమూ లేవమని చెప్పలేదు.